సోప్రానో పక్కన కూసొని వాయించుడెట్ల

మొట్టమొదలు కీబోర్డు మీద రిథమ్ బంద్ చేయండి. స్టైల్, ఆటో కార్డ్, ఫిల్-ఇన్ అన్నీ బంద్. సౌండ్ల లిస్టుల మొదట ఉండే ఉత్త పియానో పెట్టండి. టచ్ ఆన్‌ల ఉండాలె, సస్టెయిన్ పెడల్ కాలి కింద ఉండాలె, రివర్బ్ తక్కువుండాలె. మిషన్ తాళం ఎవరి కోసం ఆగదు. పాడే మనిషి ఊపిరి తీసుకోవాలె. ఈ రెంటికి పొత్తు కుదరదు కాబట్టి మిషన్‌నే పక్కకు పెట్టాలె.

ఇది ఎవరి కోసమంటే, ఇంట్లనో చర్చిలనో బడిలనో గొంతు బాగ పైకి పోయే ఆడపిల్ల, అంటే సోప్రానో, ఒకామె ఉండి, ఆమెకు వాయించే పని మీ మీద పడితే, మీ కోసం. మా అక్క బిడ్డ పాడుతది, నేను వాయిస్త. పాలమూరుల మా చర్చి క్వయిర్‌కు కీబోర్డు నేనే, చెయ్యి ఊపేది గూడ నేనే. మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, దేవరకొండ, ఇవన్నీ మెన్నొనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ మిషన్ పనిచేసిన ఊర్లు. ఆడోళ్ళవి సోప్రానో, ఆల్టో, మొగోళ్ళవి టెనర్, బేస్ అని నాలుగు గొంతుల పాట మా దిక్కు కొత్తేం కాదు. కాని ఒక్క సోప్రానో నిలబడి పాడుడు వేరే లెక్క. ఆ లెక్క నాకు ఇద్దరు ఆలుమొగల రికార్డులు విని, వాళ్ళ గురించి చదివి తెలిసింది. పాడేటామె జోన్ సదర్లాండ్, 1926ల పుట్టింది. పియానో వాయించుకుంట మొదలుపెట్టి ఆర్కెస్ట్రా నడిపించే దాక పోయినాయన రిచర్డ్ బోనింగ్, ఆమెకన్న నాలుగేండ్లు చిన్న. ఇద్దరిదీ ఆస్ట్రేలియాల సిడ్నీ.

ముందు గొంతు కొలవండి

మన దగ్గర సంగీతం నేర్చుకున్న ఆడోళ్ళు ఎక్కువగా ఐదు, ఐదున్నర శ్రుతిల పాడుతరు. అంటే సా కీబోర్డు మీద జీ గాని జీ షార్ప్ గాని అయితది. తారస్థాయి పంచమం దాక పోయినా, కీబోర్డు నడుమ దిక్కుండే మిడిల్ సీకి పైనున్న సీ దాటి ఒకటి రెండు స్వరాలంతే. ఆపెరా అంటే ఆర్కెస్ట్రాతోటి పాటలల్లనే నడిచే నాటకం. అందుల పాడే సోప్రానోకు అసలు పని అక్కడికెల్లే షురువైతది. ఆమెకు మిడిల్ సీ మీద రెండు స్థాయిలు నిండుగ కావాలె. 61 కీస్ ఉన్న కీబోర్డుల కుడిచేతి దిక్కు చిట్టచివరి సీ ఉంటది గదా, దానికి సరిగ్గ ఒక స్థాయి కింద ఉండే సీ దాక. మొజార్ట్ 1791ల రాసిన 'ద మ్యాజిక్ ఫ్లూట్' ఆపెరాల రాత్రి రాణి పాత్ర దానికన్న గూడ పైకి, ఎఫ్ దాక పోతది. అది అందరికి కాదు, ఆశ పెట్టుకోవద్దు.

కొలిచేదెట్లంటే, మిడిల్ సీ పైనున్న జీ నుంచి కిందికి జీ, ఎఫ్, ఈ, డీ, సీ అని ఐదు స్వరాలు వాయించి, "ఊ" అని పాడించండి. తర్వాత అర మెట్టు పైకి జరిపి మళ్ళ. ఇంకో అర మెట్టు. మెడ నరాలు కనబడ్డప్పుడు, గదుమ ముందుకు పొడుచుకొచ్చినప్పుడు ఆపేయాలె. స్వరం వచ్చిందా లేదా అన్నది కాదు చూడాల్సింది, మొహం ఎట్లుంది అన్నది చూడాలె. ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఆ పైనున్న రెండు స్వరాలు సాధనకే, జనం ముందట వాడొద్దు.

మిడిల్ సీ మీది రెండో స్థాయిల ఈ (E), ఎఫ్, ఎఫ్ షార్ప్ దగ్గర గొంతు ఒక గడప దాటుతది. అక్కడ సోప్రానోలల్ల చానామందికి స్వరం వణుకుతది, లేకుంటే ఒక్కసారి పల్చబడతది. పిల్ల భయపడి గొంతు గట్టిగ పట్టి నెడుతది. నెట్టనియ్యొద్దు. నోరు కొంచెం నిలువుగ తెరిచి, "ఈ"ని "ఎ" దిక్కు, "ఊ"ని "ఓ" దిక్కు జరపమనండి. స్వరం పైకి పోయినకొద్ది అచ్చుల తేడా తగ్గుతది, బాగ పైన ఏది పాడినా "ఆ" లెక్కనే ఇనబడతది. అందుకే ఆపెరాల పై స్వరాల దగ్గర మాట స్పష్టంగ ఇనబడదు. సదర్లాండ్ మీద గూడ ఉన్న పెద్ద పిర్యాదు ఇదే, మాట తెలుస్తలేదని. నాకు ఆమె మీద ఎంత ఇష్టమున్నా ఆ మాట అబద్ధమని చెప్పలేను.

ఏ కీల పాడాలె అని తేల్చేటప్పుడు పాటల అన్నిటికన్న పై స్వరం ఒక్కటే చూస్తరు చానామంది. అది తప్పు లెక్క. పాట ఎక్కువసేపు ఎక్కడ తిరుగుతది అన్నది చూడాలె. ఒక్కసారి ఏ (A) స్వరం దాక పోయి దిగొచ్చే పాట కన్న, మూడు నిమిషాలు ఈ (E), ఎఫ్ చుట్టూరనే తిరిగే పాట గొంతును ఎక్కువ అలసట పెడతది.

బోనింగ్ చేసిన ఉపాయం

సదర్లాండ్ తల్లిది మెజో గొంతు, సోప్రానోకు కిందుండే గొంతు. తల్లి ఇంట్ల సాధన చేస్తుంటే విని నేర్చిన పిల్ల. టైపిస్టు పని చేసుకుంట పాడేది. తనది పెద్ద, బరువు గొంతని, వాగ్నర్ అనే జర్మన్ స్వరకర్త ఆపెరాలే తనకు రాసిపెట్టినయని అనుకుంది. లండన్‌ల పియానో దగ్గర కూసొని వింటున్న బోనింగ్‌కు మాత్రం వేరేది ఇనబడ్డది. ఈ గొంతు ఇంకా పైకి, సన్నగ, వేగంగ పోగలదు, ఈమె పాడాల్సింది బెల్లిని, డోనిజెట్టి అనే ఇటలీ స్వరకర్తల ఆపెరాలు అని పట్టుపట్టిండు. ఆమె ఒప్పుకోలే. ఆమెకు స్వరం వినంగనే అది ఏ స్వరమో పేరు చెప్పే చెవి లేదు. అందుకని కీస్ కనబడకుండ పియానోకు దూరంగ నిలబెట్టి, చెప్పకుండ ఒక్కో మెట్టు పైకి జరిపి వాయించిండు. తను మామూలు స్వరమే పాడుతున్న అనుకుంట ఆమె ఎన్నడు పోని పైదాక పోయింది.

మన కీబోర్డుల స్వరాలన్నిటిని పైకి, కిందికి జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, ఆయన వేళ్ళతోటి చేసింది మనం ఒక్క నొక్కుడుతోటి చేయొచ్చు. కాని మూడు షరతులు. సాధనల, అది గూడ స్వరాల మీదనే. పాటల మీద కాదు. ఒక్కనాడు ఒక్క అర మెట్టు, అంతకన్న ఎక్కువ వద్దు. అయిపోయినంక చెప్పాలె. నేను చెప్తే మా పిల్ల "మామా, మళ్ళ మోసం చేసినవా" అని తిడుతది, తర్వాత కీబోర్డు మీదికి వంగి ఏ స్వరమో చూసుకొని నవ్వుకుంటది. ప్రోగ్రాం నాడు మాత్రం ఈ ఆట వద్దే వద్దు. ఆ నాడు బటన్ కిందికి జరిపే పనికే, జలుబు చేస్తేనో రాత్రి నిద్ర లేకుంటేనో.

బటన్ మాటొచ్చింది కాబట్టి ఇదొకటి. మనోళ్ళల్ల చానామంది తెల్ల కీస్ మీద సీ మేజర్ ఒక్కటి నేర్చుకొని, మిగిలిందంతా ట్రాన్స్‌పోజ్ మీద బతుకుతరు. పెండ్లిల్ల ఫంక్షన్ హాల్లల్ల అది నడుస్తది. నిజం పియానో ముందట కూసోబెడితే చేతులు ఆగిపోతయి, దానికి ఆ బటన్ ఉండదు. హ్యాండెల్ అనే స్వరకర్త చేసిన 'మెస్సయ్య'ల సోప్రానోకున్న "ఐ నో దట్ మై రిడీమర్ లివెత్" మేము ఈస్టర్‌కు పాడుకుంటం. అది ఈ (E) మేజర్, నాలుగు షార్ప్‌లు. యోబు గ్రంథం, మొదటి కొరింథీయుల పత్రికల మాటలు, 1741ల కూర్చిండు, మరుసటేడు డబ్లిన్‌ల మొదటిసారి పాడిన్రు. ఆ నాలుగు షార్ప్‌లతోటే నేర్చుకోండి. నెల పట్టినా పర్వాలేదు.

ఊపిరి

ఇది అన్నిటికన్న పెద్ద ముచ్చట. 1965ల సదర్లాండ్, బోనింగ్ ఆస్ట్రేలియా టూర్‌కు పోతూ పావరోటి అనే టెనర్ గాయకుణ్ణి ఎంబడి తీసుకపోయిన్రు. అప్పటికి ఆయన ఇంకా కుర్రవాడే. ఈమె అంత పొడుగు వాక్యాలు ఎట్ల లాగుతున్నదో తెలుసుకుందామని ఆమె కడుపు మీద, పక్కటెముకల మీద చెయ్యిపెట్టి చూసి నేర్చుకున్నడట. మన దగ్గర అట్ల కుదరదు. ఆడపిల్ల తన చెయ్యి తనే పెట్టుకోవాలె, లేదంటే వాళ్ళమ్మను కూసోబెట్టుకోండి. ఊపిరి తీసుకుంటే భుజాలు లేవొద్దు, నడుం చుట్టు వెడల్పు కావాలె. తర్వాత పండ్ల సందుల నుంచి "స్స్" అని సన్నగ, ఒక్క తీరుగ వదలాలె. హార్మోనియం తిత్తిని కొత్తగ పట్టుకున్నోడు ఒక్కసారి గట్టిగ నొక్కి, తర్వాత గాలి లేక వెతుక్కుంటడు చూడండి, పాడేటోళ్ళు చేసేది గూడ అదే. మొదటి మాటకే సగం గాలి ఖర్చు చేస్తరు.

పాట కాయితం మీద ఊపిరి గుర్తులు పెట్టండి, పెన్సిల్‌తోటి. ఇద్దరి కాయితాల మీద ఒకే తీరు ఉండాలె. మాట మధ్యల ఊపిరి వద్దు. కీర్తన పాడేటప్పుడు "ప్రభు" అని ఆగి ఊపిరి తీసి "వా" అంటే విన్నోళ్ళకు నవ్వొస్తది. పొడుగు వాక్యం అందకపోతే నువ్వు తాళం కొంచెం జరిపి ఇవ్వాలె, ఆమెను ఉరికించొద్దు.

ఇగ వాయించేటోని పని. ఆమె ఊపిరి తీసుకునేటప్పుడు నువ్వు గూడ తీసుకో, ముక్కుతోటి, పక్కనోళ్ళకు ఇనబడేటంత కాదు. నీ ఊపిరి నిండినప్పుడు ఆమెది గూడ నిండుతది, ఆ ఘడియల నీ చెయ్యి పడాలె. కళ్ళు కాయితం మీద పెట్టి ఈ పని చేయలేవు. అందుకే పాట నీకు సగానికి పైగ కంఠతా రావాలె. కీబోర్డును ఆమె పక్కమొహం, పక్కటెముకలు కనబడే తీరుగ పెట్టుకో. మా దగ్గర స్టేజీ మీద కీబోర్డును ఎప్పుడు మూలకు తోస్తరు, డ్రమ్స్ ఎనకాల. నేను పోంగనే మొదలు స్టాండ్ జరుపుత, ఎవరేమనుకున్నా సరే.

ఆపెరా కాయితాలల్ల కొన్ని చోట్ల "కొల్లా వోచే" అని రాసుంటది. ఆడ లెక్కపెట్టుడు బంద్ చేసి గొంతు ఎంబడి పొమ్మని ఆర్డర్. మాట్లాడినట్టు పాడే చోట ఆమె మాట పడ్డంక నీ కార్డ్ (కలిపి నొక్కే స్వరాలు) పడాలె, ముందు కాదు. పై స్వరం మీద ఆమె ఆగినప్పుడు కుడిచెయ్యి ఆపి, ఎడమచేతి బేస్ మాత్రం వదలకుండ పట్టుకో. ఆమె తిరిగి దిగేటప్పుడు కాలు పెట్టేందుకు చోటు కావాలె.

నీ చేతులు కీస్ మీద ఉండంగ క్వయిర్‌ను నడిపించాలంటే తల ఒక్కటే ఉంటది. తల పైకి లేపుడే ఊపిరి, దించుడే తాళం. లేపే వేగమే పాట వేగం. మెల్లగ లేపి గబుక్కున దించితే నలుగురు నాలుగు తీర్ల మొదలుపెడతరు, అప్పుడు వాళ్ళను తిట్టి లాభం లేదు.

వాళ్ళ బతుకు ఎట్ల నడిచింది

పిల్లల తల్లిదండ్రులు ఎప్పుడు అడిగేది "ఎన్నేండ్లల్ల అయితది" అని. సదర్లాండ్ 1952ల లండన్ కోవెంట్ గార్డెన్ ఆపెరాల చేరింది, 'మ్యాజిక్ ఫ్లూట్'ల చిన్న పాత్రతోటి. అదే ఏడు మారియా కల్లాస్ అనే పేరున్న సోప్రానో బెల్లిని 'నోర్మా' పాడుతుంటే ఈమె దాసి పాత్ర చేసింది. 1954ల బోనింగ్‌తోటి పెండ్లి అయింది. పేరొచ్చింది మాత్రం 1959 ఫిబ్రవరి 17న, డోనిజెట్టి 'లూచియా' పాడినప్పుడు. అప్పటికి ఆమెకు 32. నడుమ ఏడేండ్లు చిన్నయి, పెద్దయి అన్నీ పాడుకుంట, ఇంటికొచ్చి మొగని పియానో దగ్గర నిలబడ్డది. ఆ లూచియాను నడిపించింది గూడ బోనింగ్ కాదు, తుల్లియో సెరఫిన్ అనే పెద్దాయన. బోనింగ్ ఆర్కెస్ట్రా ముందట నిలబడింది 1962ల. 1976 నుంచి పదేండ్లు ఆస్ట్రేలియన్ ఆపెరాకు సంగీతం పెద్దగా ఉన్నడు. ఆమె 1990ల సిడ్నీల చివరి ఆపెరా పాత్ర పాడి, అదే ఏడు ఆఖరునాడు లండన్ కోవెంట్ గార్డెన్‌ల అతిథిగ పాడి దిగిపోయింది.

పియానో వాయించేటోళ్ళు ఆర్కెస్ట్రా నడిపించే కండక్టర్లయిన తొవ్వ ఇదొక్కటే కాదు. ఆపెరా హౌసులల్ల 'రెపెటిటర్' అని ఒక కొలువు ఉంటది. ఆర్కెస్ట్రా మొత్తం వాయించేదాన్ని రెండు చేతులకు కుదించి పియానో మీద వాయిస్తరు, గాయకులకు పాత్ర నేర్పుతరు, మాట తప్పితే దిద్దుతరు, రాని గాయకుని పాట తనే పాడుకుంట మిగిలినోళ్ళతోటి రిహార్సల్ చేయిస్తరు. తర్వాత పెద్ద కండక్టర్ అయిన జార్జ్ షోల్టీ బుడాపెస్ట్‌ల ఈ పనే చేసిండు. రెండో ప్రపంచ యుద్ధంల స్విట్జర్లాండ్‌ల చిక్కుకపోయి, కండక్టర్ పని దొరకక, 1942ల జెనీవా పియానో పోటీల మొదటి బహుమతి కొట్టిండు. ఆంటోనియో పప్పానో పిల్లగానిగ ఉన్నప్పుడే తండ్రి నేర్పే పాట క్లాసులకు పియానో వాయించేది. 2002 నుంచి 2024 దాక లండన్ రాయల్ ఆపెరాకు సంగీత దర్శకుడు ఆయనే. వేరేటోళ్ళ గొంతు ఎక్కడ అలుస్తదో కూసొని చూసినోళ్ళకే ఎనభై మంది ఆర్కెస్ట్రాను ఎక్కడ ఆపాలనో తెలుస్తది అన్నది నా నమ్మకం.

మన దేశంల చూసుకుంటే పాట్రీషియా రొజారియో ముంబైల పుట్టి, లండన్‌ల సోప్రానో అయ్యింది. జాన్ టావెనర్ అనే ఇంగ్లిష్ స్వరకర్త ఆమె గొంతు కోసమే ముప్పైకి పైగ రచనలు చేసిండు. ఆమె భర్త మార్క్ ట్రూప్ పియానిస్టు. ఇద్దరు కలిసి ఇండియాకు వచ్చి ఇక్కడి పిల్లలకు గూడ నేర్పుతరు. 2016ల ముంబై రాయల్ ఆపెరా హౌస్ మళ్ళ తెరిచినప్పుడు పాడింది ఆమెనే.

ఇక్కడికెల్లి పోవాలంటే

మన దగ్గర దొరికే మెట్లు ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే ఇంగ్లండ్ సంస్థలు పెట్టే సంగీతం గ్రేడ్ పరీక్షలు. హైదరాబాద్‌ల రాయొచ్చు. ఏబీఆర్‌ఎస్‌ఎంల ఐదో గ్రేడ్ థియరీ గాని, దానికి బదులు వాళ్ళు ఒప్పుకునే పరీక్ష గాని పాసుగాకుండ ఆరో గ్రేడ్ వాయించే పరీక్షకు కూసోనియ్యరు, కాబట్టి థియరీని ఎనక్కు తోయొద్దు. పియానో పిల్లగాడు పాడేటోళ్ళకు వాయించుడు గూడ మొదటి నుంచే చేయాలె. సర్టిఫికెట్ ఎనిమిదో గ్రేడ్ ఉండి, పాడే మనిషి పక్కన రెండు లైన్లు నడవలేనోళ్ళు ఉంటరు. ఆపైన చెన్నైల ఏఆర్ రహమాన్ 2008ల పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ లాంటివి ఉన్నయి. దాని తర్వాత విదేశమే.

మొదటి ఇటాలియన్ పాటగ ప్రపంచమంతా ఇచ్చేది "కారో మియో బెన్". తెలుగు పిల్లలకు దీంట్ల రెండు లాభాలున్నయి. ఇటాలియన్ మాటలు గూడ ఎక్కువగా అచ్చుతోటి అయిపోతయి, ఒత్తులు గూడ మన లెక్కనే నిలబెట్టి పలకాలె. "అమ్మ", "అత్త" అనేటోళ్ళకు "మమ్మా", "నొత్తే" కష్టం కాదు. పాట మాటలను తెలుగు లిపిల రాసియ్యండి, 't' అక్షరానికి త రాయండి, ట కాదు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ట అనే చదువుతరు.

యూట్యూబ్‌ల 'లక్మే' చూసి అదే పాడుత అని మొండిపట్టు పట్టేటోళ్ళుంటరు. డెలీబ్ అనే ఫ్రెంచాయన 1883ల మన దేశం కథ అని, పూజారి నీలకంఠ బిడ్డ కథ అని చేసిన ఆపెరా. అందుల గుడిగంటల తీరు పాడే 'బెల్ సాంగ్' చివర పై సీ కన్న గూడ పైకి, ఈ (E) దాక పోతది. పద్దెనిమిదేండ్ల పిల్లకు ఇయ్యొద్దు. వినమనండి, చాలు.

గొంతు కాపాడుకునేది గూడ వాయించేటోడే చూడాలె, ఎందుకంటే పాడే పిల్ల ఎన్నడు "అలిసిన" అనదు. ఒక్కసారి ఇరవై ఐదు నిమిషాలు, నడుమ ఆగి ఇంకోసారి, అంతే. రిహార్సల్‌ల పై స్వరాలు ఒక స్థాయి కింద, సగం గొంతుతోటి పాడొచ్చు. పెద్ద సోప్రానోలు గూడ అట్లనే చేస్తరు, దాన్ని మార్కింగ్ అంటరు. మన పాలమూరు ఎండల నీళ్ళు ఎక్కువ తాగాలె, అది గూడ పాడే ముందు గంట నుంచి కొంచెం కొంచెం. రాత్రి పొద్దుపోయి కారంకారంగ తిని పండుకుంటే పొద్దున గొంతు గీరుకుంటది. ముందునాడు డీజే బరాత్‌ల అరిచి వచ్చిన పిల్లతోటి పాడించొద్దు. బొంగురు రెండు మూడు వారాలు తగ్గకపోతే అల్లం, మిరియాలు పక్కకు పెట్టి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తోలండి.

ఇంకొక మాట. పేరొచ్చినంక సదర్లాండ్ ఎక్కువగా బోనింగ్ నడిపిస్తేనే పాడింది, దాని మీద విమర్శ గూడ వచ్చింది. నాకు గూడ అది అంత మంచిది అనిపించదు. అందుకే మా పిల్లను అప్పుడప్పుడు వేరే పియానో పక్కన పాడమని తోలుత. ఒక్కొక్కసారి నాకన్న బాగ వాయించినోళ్ళు దొరుకుతరు. మా అక్కకు ఆ ముచ్చట చెప్పే పని పెట్టుకోను.

ప్రోగ్రాం నాడు

మైకు జానెడు దూరం, పై స్వరానికి మూరెడు. అందుకే స్టాండ్ మైకు కన్న చేతి మైకు నయం, ఆమె జరుపుకుంటది. ఆపెరాల అయితే మైకే ఉండదు, ఆర్కెస్ట్రా మీదికెల్లి ఉత్త గొంతుతోటి చివరి వరుస దాక పోవాలె. కీబోర్డుల పెన్ను బ్యాటరీలు వేసిపెట్టుకోండి, చిన్న కీబోర్డులు ఎక్కువగా వాటి మీద గూడ నడుస్తయి. జేబుల ఏ (A) స్వరమిచ్చే 440 ట్యూనింగ్ ఫోర్క్ ఒకటి ఉండాలె. కరెంటు పోతే ఆగొద్దు, ఇద్దరు ముందే మాట్లాడుకొని ఉండాలె. కీబోర్డు సొంత స్పీకర్ నడుస్తే దాంతోటే, అది గూడ పోతే బేస్ లైన్ నువ్వే గొంతుతోటి అందుకో, ఆమె పాడుతనే ఉంటది. ఫ్యాన్లు గూడ ఆగుతయి కాబట్టి గొంతు మైకుల కన్న బాగనే ఇనబడతది. కరెంటు రాంగనే సౌండ్ పిల్లగాడు ఆత్రంగ వాల్యూం లేపుతడు, స్పీకర్లు కీచుమంటయి, పిల్ల బెదురుతది. పాట అయ్యేదాక మిక్సర్ ముట్టొద్దని వానికి ముందే చెప్పిపెట్టండి, వాళ్ళ ఓనర్‌కు గూడ.